కోనసీమలో కంపుకుండలు

కోనసీమ చూచివచ్చిన వారెవరిని కదిపినా కళ్ళకు కనబడినదే చెబుతారు. కాలువలు, కాలువల మీదికి వంగిన కొబ్బరిచెట్లు, ఆ చెట్ల మధ్య పెంకుటిళ్ళు, ఆత్రేయపురం పూతరేకులు - ఇదీ వరస. పూతరేకులు కంటితో చూచే వస్తువు కాదనుకోండి, అయినా ఆ జాబితాలో అవి లేకపోతే కోనసీమ ఆతిథ్యానికే లోపం. ముక్కుతో చూచిన కోనసీమను గురించి చెప్పినవారు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. ఈ జ్యేష్ఠమాసం చివర అక్కడ నాలుగు రోజులు ఉండి, చాలా భాగం ముక్కుతోనే చూచి వచ్చాను. ఆ సంగతులు పాఠకులకు మనవి చేస్తాను. సుకుమారమైన నాసిక గలవారు కాఫీ తాగిన తరువాత చదవడం మంచిది.

రాజమండ్రిలో బస్సెక్కి జొన్నాడ దగ్గర గౌతమి దాటేసరికి చినుకులు మొదలైనాయి. ప్రక్క సీటులోని పెద్దమనిషి కిటికీ మూయబోతున్నవాడల్లా ఆగి, గుండెనిండా గాలి పీల్చి, "భూదేవి వాసనండీ, ఆయ్!" అన్నాడు. ఆయన మాట కాదనడానికి నాకు మనసొప్పలేదు గాని, ఆ వాసన భూదేవి సొంతం కాదు. మట్టిలో స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు కోటానుకోట్లు ఉంటాయి. అవి తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఆ పరిమళంలో ముఖ్యమైనది. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ వానవాసనకు పెట్రికోర్ అని నామకరణం చేశారు. అప్పటికి ఎంతో ముందునుంచే ఉత్తరాదిన కనౌజ్ పట్టణంవారు దానిని మట్టి అత్తరు అనే పేరుతో సీసాలలో బిగించి అమ్ముకొంటున్నారు.

మరి కంటికి కనబడని ఆ జీవికి ఇంత సువాసన ఎందుకు? మన ఆనందం కోసమైతే కాదు. 2020లో వెలువడిన ఒక పరిశోధనలో దీనికి సమాధానం దొరికింది. నేలలో గంతులు వేసే అతి చిన్న ప్రాణులు కొన్ని ఆ వాసన పట్టుకొని వచ్చి ఆ సూక్ష్మజీవులనే మేస్తాయి. మేసి, వాటి బీజాలను కొన్నిటిని ఒంటికి అంటించుకొని, కొన్నిటిని రెట్టతో విడిచి, కొత్త చోట్లకు చేరుస్తాయి. కాళ్ళు లేనివాడు కాళ్ళున్నవాణ్ణి భోజనానికి పిలిచి, వెళ్ళేటప్పుడు తన సామాను మోయించుకొన్నాడన్నమాట. ఈ ముక్క జ్ఞాపకం ఉంచుకోండి. ఇక ముందు వచ్చే కథంతా ఇటువంటి పిలుపుల కథే.

రావులపాలెం, కొత్తపేట దాటి అంబాజీపేట చేరాను. కొబ్బరికాయ ధర ఎంత అని ఇక్కడ అడగాలే గాని, బడిపిల్లవాడు కూడా చెబుతాడు. అంత పేరుగల కొబ్బరిమార్కెట్టు ఇది. లారీల ప్రక్కన వలుపు కార్మికులు గునపం మీద కాయను ఒక్క పోటు పొడిచి, రెండు తిప్పులలో పీచు ఊడదీస్తున్నారు. అక్కడినుంచి నాలుగు కిలోమీటర్లు ఆటోలో వెడితే మా పెద్దమ్మగారి ఊరు.

పెద్దమ్మకు డెబ్బయి ఆరేళ్ళు. పెదనాన్నగారు పోయి పదేళ్ళయింది. ఉన్నది పెంకుటిల్లు, దాని వెనుక నలభై కొబ్బరిచెట్లు. పింఛను అన్నా అవే, కొడుకులన్నా అవే. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే కాఫీ ఇస్తుందనుకొన్నాను. "కాఫీకేంరా, ఎక్కడికీ పోదు. ముందు తోటలోకి రా" అన్నది.

తోటలోకి వెళ్ళామో లేదో, చచ్చిన ఎలుక, మురిగిన పెసరపప్పు, పాత చెప్పుల జోడు కలిపి నూరినట్లు ఒక కంపు వచ్చి ముఖాన కొట్టింది. నేను ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకొన్నాను. పెద్దమ్మ నవ్వింది. "అలవాటవుతుందిలే. ఆ కంపే నా కాపలావాడు."

తోట అంచున నేలలో మూతిదాకా పాతిన మట్టికుండలు ఉన్నాయి. వాటి దగ్గర కూర్చుని దింపు కార్మికుడొకాయన పుల్లతో ఏదో తీసి పారవేస్తున్నాడు. ముప్పయి ఏళ్ళుగా ఈ చెట్లు ఎక్కుతున్న మనిషి. నన్ను చూచి, "రండి బాబుగారూ, రాత్రి వచ్చిన చుట్టాల్ని చూడండి" అన్నాడు. కుండలో నల్లగా నిగనిగలాడుతూ బొటనవ్రేలంత పురుగులు నాలుగు తేలుతున్నాయి. ముక్కు మీద ఖడ్గమృగానికి ఉన్నట్లే కొమ్ము. ఇదే కొమ్ముపురుగు.

ఈ పురుగు చేసే అపకారం పైకి చూస్తే తెలుస్తుంది. చెట్టు నెత్తిన ఇంకా విచ్చుకోని మొవ్వాకును అది అడ్డంగా తొలుచుకుపోతుంది. తరువాత ఆ ఆకు విచ్చుకొన్నప్పుడు, మడతపెట్టిన కాగితాన్ని కత్తెరతో కోసి విప్పినట్లు వరసగా కత్తిరింపులు కనబడతాయి. దింపు కార్మికులు ఇనుప కమ్మీతో ఆ కన్నంలో గుచ్చి పురుగును బయటికి లాగుతారు. అది ఉన్న పురుగుకు మందు. రాబోయే పురుగుకు మందు ఈ కుండ.

కుండలోని పాకం రహస్యమేమీ కాదు. ఆముదపు గింజలు గానుగ ఆడించగా మిగిలిన పిండి ఒక కిలో, నీళ్ళు అయిదు లీటర్లు. అంతే. రెండు మూడు రోజులలో సూక్ష్మజీవులు ఆ పిండిలో కాపురం పెట్టి, దానిని కుళ్ళబెట్టి, ఈ మహత్తరమైన కంపును పుట్టిస్తాయి. పిండి పిండిగా ఉన్నంతసేపూ పురుగుకు దానితో పనిలేదు. కుళ్ళితేనే పని. ఎందుచేతనంటే కొమ్ముపురుగుకు చెట్టు భోజనశాల మాత్రమే. పురిటిగది వేరే ఉంది. పెంటకుప్పలు, కుళ్ళిన కొబ్బరిమొద్దులు - గుడ్లు పెట్టేది అక్కడ. కుళ్ళు వాసన తగిలితే దానికి పుట్టిల్లు కనబడినట్లే. చీకటిలో ఎగిరివచ్చి కుండలో పడి తేలలేక చస్తుంది.

"మనకి కంపు, దానికి కర్పూరమండి" అన్నాడు ఆ కార్మికుడు.

మరునాడు అంబాజీపేటలోని ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానానికి వెళ్ళాను. అక్కడి శాస్త్రజ్ఞులొకరు ఓపికతో గంటసేపు మాట్లాడారు. కొమ్ముపురుగు మగది కూడా తోటివారిని పిలిచే వాసన ఒకటి వదులుతుందనీ, 1995లో దానిని గుర్తించి ఇప్పుడు పొట్లాలుగా అమ్ముతున్నారనీ చెప్పారు. పెంటకుప్పలోని పిల్లపురుగులను చంపడానికి మెటారైజియం అనే ఆకుపచ్చ బూజు ఉంది. ఆ బూజు పురుగు చర్మం మీద మొలిచి, లోపలికి దిగి, దానిని ఎండగట్టి, పైన పచ్చని పొడి చల్లినట్లు బీజాలు పెడుతుంది. ఒక సూక్ష్మజీవి పురుగును పిలుస్తుంది, ఇంకొకటి చంపుతుంది. మనం చేయవలసిందల్లా రెంటినీ సరియైన చోట పెట్టడమే.

"కొమ్ముపురుగు దొంగ మాత్రమేనండి. దాని వెనుక హంతకుడు వస్తాడు" అన్నారాయన.

ఆ హంతకుడి పేరు ఎర్రముక్కు పురుగు. ఇటుకరంగు ఒళ్ళు, ఏనుగు తొండంలాగా వంగిన పొడవాటి ముక్కు. ఇది కొమ్ముపురుగు చేసిన గాయాన్నో, మనం కత్తితో చేసిన గాయాన్నో చూచుకొని అక్కడ గుడ్లు పెడుతుంది. గుడ్డునుంచి వచ్చిన పిల్ల చెట్టు లోపలి మెత్తని గుజ్జు తింటూ, అక్కడే పెరిగి, పీచుతో గూడు అల్లుకొని, అక్కడే పురుగై బయటికి వస్తుంది. ఇదంతా మూడు నాలుగు నెలల కథ. అంతకాలమూ చెట్టు పైకి పచ్చగానే ఉండవచ్చు. తల వాలేసరికి లోపల ఏమీ మిగలదు.

మరి గాయం ఎక్కడున్నదో ఆ పురుగుకు ఎవరు చెప్పారు? ఈ ప్రశ్నకు జవాబు కల్లుపాకలో దొరుకుతుంది. దించిన కల్లు ఎవరూ తోడుపెట్టకుండానే కాసేపటికి పొంగుతుంది. గాలిలోనూ కుండలోనూ ఉండే ఈస్టు తీపిని సారాయిగా మారుస్తుంది. ఆ తరువాత మరికొన్ని సూక్ష్మజీవులు దిగి పులుపు పుట్టిస్తాయి. చెట్టుకు గాయమైతే కారే రసానికీ ఇదే గతి. అది పులుస్తుంది. సారాయి వాసన, గోళ్ళరంగు తుడిచే ద్రవంలో ఉండే ఇథైల్ ఎసిటేట్ వాసన గాలిలో కలుస్తాయి. గాయపడిన చెట్టు ఆ విధంగా, తన ప్రమేయం లేకుండా, శత్రువుకు చిరునామా చాటిస్తుంది.

చిన్న ఈగలకు కూడా ఈ సంగతి వర్తిస్తుంది. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే ఈగలు పండు కోసం వస్తాయని మనం అనుకొంటాము. 2012లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పండు ప్రమేయం లేకుండా ఒట్టి ఈస్టును పెంచి పెట్టి చూచారు. ఈగలు దానికే వచ్చాయి. పండు విస్తరి మాత్రమే, వడ్డించేది ఈస్టు.

ఎర్రముక్కు పురుగు విషయంలో ఇంకొక మెలిక ఉంది. చెట్టు చేరిన మగపురుగు తినడం మొదలుపెట్టి, తానొక వాసన వదులుతుంది. 1993లో శాస్త్రజ్ఞులు దానిని గుర్తించి ఫెర్రుజినియోల్ అన్నారు. ఆ పిలుపుకు ఆడవీ మగవీ కూడా వస్తాయి. పొట్లంలో ఆ మందు ఒక్కటే పెట్టినప్పటికంటే, పులుస్తున్న పండో చెరకో కల్లో ప్రక్కన ఉన్నప్పుడు ఎన్నో ఎక్కువ పురుగులు వస్తాయి. ఒట్టి శుభలేఖకు రానివారు కూడా వంటల వాసన వస్తే వస్తారు గదా! మన దక్షిణాది రైతులకు ఈ రెండవ భాగం పాతసంగతే. కుండలో రెండున్నర లీటర్ల కల్లు, అయిదు గ్రాముల ఈస్టు, అయిదు మిల్లీలీటర్ల ఎసిటిక్ ఆమ్లం పోసి, నిలువునా చీల్చిన పచ్చి కొబ్బరిమట్టలు వేసి, ఎకరాకు 30 కుండల చొప్పున పెట్టమని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి సలహా.

సాయంత్రం తిరిగివచ్చేసరికి పెద్దమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఉంది. "కాళ్ళు కడుక్కుని రా, దోమలు పీక్కుతింటాయి" అన్నది. పెద్దల మాట చద్దిమూట అంటే ఇదే. నెదర్లండ్స్‌కు చెందిన బార్ట్ నోల్స్ అనే ఆయన మలేరియా దోమలు మనిషి పాదాలకు ఎందుకు ఎగబడతాయా అని ఆలోచించి, లింబర్గర్ అనే ఘాటైన జున్నును వాటిముందు పెట్టాడు. ఆ జున్నును పండబెట్టే సూక్ష్మజీవికీ, మన కాలివ్రేళ్ళ సందులలో ఉండేదానికీ దగ్గర చుట్టరికం ఉంది. దోమలు జున్ను వాసనకూ వచ్చాయి. అప్పుడే పట్టిన చెమటకంటే, సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజులు పనిచేసిన చెమట ఆ దోమలకు ఎక్కువ ప్రియమని కూడా తేలింది. ఈ పనికి 2006లో ఆయన బృందానికి ఇగ్‌నోబెల్ బహుమానం వచ్చింది. అది ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది. గుడ్లు పెట్టవలసిన క్యూలెక్స్ దోమలకు కూడా గడ్డి మురిగిన నీటి వాసన ఇష్టం. అమెరికాలో ఆ మురుగునీటినే ఎరగా పెట్టి వాటిని పట్టుకొంటారు. బోదకాలు వ్యాప్తి చేసేది ఈ జాతి దోమే. గోదావరి జిల్లాలు ఆ జబ్బును తరతరాలుగా ఎరుగును.

ఇంతవరకు వినోదం. మూడవనాడు అసలు చిక్కు బయటపడింది.

తోట మధ్యలో ఒక చెట్టుంది. అది పెదనాన్నగారు పెద్ద కూతురు పుట్టిన ఏడు నాటినది. ఆ ఉదయం దింపు కార్మికుడు దాని మొదలు దగ్గర ఆగి, మానుకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. తరువాత నన్ను పిలిచాడు. నేనూ చెవి ఆనించాను. ఎక్కడో లోపల ఎండు చెరకు నములుతున్నట్లు కరకర. మానుమీద ఒకచోట గోధుమరంగు జిగురు జారి ఉంది. కన్నంలోంచి నమిలిన పీచు పిప్పి బయటికి వస్తోంది. ఆ పిప్పిని వాసన చూస్తే పుల్లటి కల్లు వాసన.

"చెట్టు ఏడుస్తోందండమ్మగారూ. దీన్ని దించెయ్యాలి" అన్నాడు.

పెద్దమ్మ మాట్లాడలేదు. పోయినయేడు మూడు చెట్లు ఇలాగే పోయాయి. ఇది నాలుగవది. "పచ్చగా ఉంది గదయ్యా. గెల కూడా వేసింది" అన్నది చివరకు.

"గెల ఉందనే మిగతా ముప్పై ఆరూ పోగొట్టుకుంటామా అమ్మా? లోపలున్నవి బయటికి రాకముందే చీల్చి తగలబెట్టాలండి."

అంతటితో ఆగలేదు. పురుగు ఎక్కడనుంచి వస్తున్నదో అతనికి తెలుసు. ప్రక్కతోట యజమాని హైదరాబాదులో ఉంటారు. రెండేళ్ళనాటి గాలివానకు పడిన మొద్దులు పడినచోటనే కుళ్ళుతున్నాయి. ప్రక్కనే మోకాలెత్తు పెంటకుప్ప. కార్మికుడు పలుగుతో తిరగేస్తే తెల్లగా, లావుగా, చుట్టచుట్టుకొని కొమ్ముపురుగు పిల్లలు దోసిళ్ళకొద్దీ బయటపడ్డాయి. మొద్దు అనేది ఎవరూ పాతిపెట్టని కంపుకుండ. కాకపోతే దానిలో మునిగి చచ్చే నీళ్ళు లేవు.

ఆ రాత్రి అరుగుమీద ఇరుగుపొరుగు రైతులు ఏడెనిమిది మంది చేరారు. కువైట్‌లో ఖర్జూరపు తోటలో పదేళ్ళు పనిచేసి వచ్చిన కుర్రవాడొకడు ఫోనులో బొమ్మలు చూపించాడు. 1980ల మధ్యకాలం నుంచి ఈ ఎర్రముక్కు పురుగే గల్ఫ్ దేశాల ఖర్జూరాలకు పట్టింది. 1990లలో ఈజిప్టుకూ స్పెయిన్‌కూ ప్రాకింది. అక్కడ వరసగా బకెట్లు పెడతారు. మూతకు ఫెర్రుజినియోల్ పొట్లం, అడుగున నీళ్ళలో నానిన ఖర్జూరాలు, పురుగు ప్రాకడానికి వీలుగా గరుకైన పై భాగం.

"మరి మనమూ పెడదాం. ఎవరి తోటలో వాళ్ళం" అన్నారు ఒకరు.

ఆ మాటకు కార్మికుడు తల అడ్డంగా ఊపాడు. "ఎవరి తోటలో వాళ్ళం కాదండి. అందరి తోటల్లోనూ. ఒక్క తోటలోనే పెడితే ఊళ్ళో పురుగంతా ఆ తోటకే వస్తది. వచ్చిందల్లా కుండలో పడదు గదండీ."

ఇది మా శాస్త్రజ్ఞులు కూడా చెప్పిన మాటే. ఎర పెట్టడమంటే శత్రువును ఇంటికి పిలవడం. పిలిచినవాడు తయారుగా ఉండాలి. కుండను చెట్టు మొదట్లో పెట్టరాదు. లేతచెట్ల మధ్య అసలు పెట్టరాదు. గట్టు ప్రక్కన, దూరంగా ఉంచాలి. వారానికొకసారి చూచి, చచ్చినవాటిని తీసి, నీళ్ళూ ఎరా మార్చాలి. నీరు ఎండిపోయి వాసన మాత్రం మిగిలిన కుండ కంటే కుండ లేకపోవడమే నయం. వాసన పట్టుకొని వచ్చిన పురుగు కుండలో దారి లేక, ప్రక్కనున్న చెట్టు చూచుకొంటుంది.

"హైదరాబాదు ఆయన్ని ఎవరు అడుగుతారు?" అన్న ప్రశ్న వచ్చేసరికి అరుగు నిశ్శబ్దమైపోయింది. పెద్దలలో ఒకరికి ఆయనతో సరిహద్దు తగువు. మరొకరికి మొహమాటం. పెద్దమ్మ ఫోను నా చేతికిచ్చి ఆ నంబరు కలపమన్నది.

"బాబూ, నేను నీ ప్రక్కతోట పెద్దమ్మను. నీ మొద్దుల మీద నాకేమీ ఆశ లేదు. రేపు మా చెట్టొకటి కొట్టించి కాలుస్తున్నాను, మీ పెదనాన్న నాటింది. ఆ మంటలోనే నీ మొద్దులు కూడా వేయిస్తాను. కూలి నేనిస్తాను. సరేననవయ్యా" అన్నది.

అవతలినుంచి ఏమన్నారో మాకు వినబడలేదు. ఫోను పెట్టేసి, "కూలి ఆయనే ఇస్తాడట" అన్నది.

మరునాడు పదిగంటలకు ఆ చెట్టు పడింది. మాను చీల్చితే లోపల తెల్లని పురుగులు, పీచుతో చుట్టిన గూళ్ళు, రెక్కలు ఆరబెట్టుకొంటున్న కొత్త పురుగులు రెండు. పెద్దమ్మ దగ్గర నిలబడి గూళ్ళు లెక్కపెట్టింది. ముప్పయి ఒకటి. "ముప్పై ఆరు చెట్లకి ముప్పై ఒక్కడు" అని గొణుక్కొని, గెలలో ముదిరిన కాయలు మాత్రం కోయించి లోపల పెట్టించింది. మంట సాయంత్రందాకా మండింది.

నేను బయలుదేరేనాటికి పద్నాలుగు తోటలలో పదకొండింటివారు కుండలు పెట్టడానికి ఒప్పుకొన్నారు. ఏ తోట కుండ ఏ రోజున చూడాలో కువైట్ కుర్రవాడు కాగితం మీద వ్రాసి పాలకేంద్రం గోడకు అంటించాడు. మిగిలిన ముగ్గురూ కంపు భరించలేమన్నారు. వాళ్ళ సంగతి తాను చూచుకొంటానన్నది పెద్దమ్మ.

మొన్న ఫోను చేసి క్షేమసమాచారాలు అడిగాను. చెట్లన్నీ పచ్చగా ఉన్నాయనీ, మానులకు చెవి ఆనించి వినడం తనకూ పట్టుబడిందనీ చెప్పింది. ముగ్గురిలో ఇద్దరు దారికి వచ్చారట. ఈసారి వచ్చేటప్పుడు ఏమి తీసుకురమ్మంటావని అడిగాను. పట్టుచీర అంటుందేమో అనుకొన్నాను.

"రాజమండ్రిలో ఆముదపు పిండి చౌకట. ఒక బస్తా వేసుకురా. మూతి గట్టిగా కుట్టించు, దారిలో వానకు తడిసిందంటే కండక్టరు నిన్ను దింపేస్తాడు."